సెలైన్ సీసాకు లెక్క చూసేదెవరు?

కోటబొమ్మాళి: మన పల్లెల్లో జ్వరం వచ్చిన మనిషిని చూడబోయిన చుట్టాలు మొదట అడిగే మాట ఒకటుంది. "సీసా ఎక్కించినారా?" ఎక్కించారంటే వైద్యం జరిగినట్టు, లేదంటే డాక్టరుకు ఏమీ రానట్టు. సంత నాడు ఏ మందుల దుకాణం ముందు నిలబడినా ఈ మాట వినబడుతుంది. కాని ఆ సీసాలో మందు నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి, ఎన్ని గంటల్లో అయిపోవాలి, ఆ లెక్క ఎవరు కట్టారు అని అడిగే మనిషి మాత్రం నూటికి ఒక్కడు కూడా కనబడడు. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

మాత్ర మింగితే అది కడుపులో కరిగి నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. పొరపాటు జరిగినా దిద్దుకునే వ్యవధి కొంత వుంటుంది. నరంలోకి ఎక్కించిన మందుకు ఆ వ్యవధి లేదు. క్షణాల్లో గుండెకు చేరుతుంది. వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అందుచేత నరానికిచ్చే మందులో లెక్క తప్పడమంటే మామూలు పొరపాటు కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఆఖరి బస్సు కోసం

ఇతరుల తప్పులు ఎంచేముందు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా చిన్నాన్నకు జ్వరం, వాంతులు పట్టుకుంటే ఒక ఆస్పత్రిలో చేర్చాం. అరవై దాటిన మనిషి, గుండె బలహీనంగా వుందని అంతకు ముందే డాక్టర్లు చెప్పి వున్నారు. అర లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించమని డాక్టరు రాశారు. మధ్యాహ్నం రెండు గంటలకు నర్సమ్మ సీసా కట్టి, చుక్కలు లెక్కపెట్టి వెళ్లింది. రాత్రి పదింటికి గాని అది అవదు. మా వూరి ఆఖరి బస్సు ఏడింటికే. సాయంత్రం అయిదయ్యే సరికి చూస్తే సీసాలో సగానికి పైగా మిగిలే వుంది. చిన్నాన్న కూడా "ఇంటికెల్లిపోదాం రా బాబూ, ఇక్కడ నిద్ర పట్టదు" అని గొడవ. అటూ ఇటూ చూసి, గొట్టానికి వున్న చిన్న చక్రాన్ని నేనే పైకి తిప్పేశాను. చుక్కలు ధారగా మారాయి. తొందరగా అయిపోతుందని సంతోషించాను కూడా.

అరగంట గడిచేసరికి చిన్నాన్నకు దగ్గు మొదలైంది. పడుకోలేక లేచి కూర్చున్నాడు. "వూపిరాడ్డం లేదురా" అన్నాడు. నర్సమ్మ పరుగున వచ్చి సీసా కట్టేసి, ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి డాక్టరును పిలిచింది. వొంట్లో నీరు మూత్రంలో పోయేందుకు ఇంజక్షన్ ఇచ్చారు. "చక్రం ఎవరు తిప్పారు?" అని ఆమె అడిగితే కాసేపు నోరు పెగల్లేదు. చివరికి ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. "ఈ లెక్క నీది కాదు బాబూ, నాది. బస్సు సంగతి నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా" అంది. అర్ధరాత్రికి చిన్నాన్న తేరుకున్నాడు. దైవం చల్లగా చూడబట్టి, ఆ తల్లి సమయానికి రాబట్టి ఈ రోజు ఇది వ్యాసంగా రాస్తున్నాను. లేకుంటే ఏం రాయాల్సి వచ్చేదో తలచుకుంటే ఇప్పటికీ వొళ్లు జలదరిస్తుంది.

ఆ రాత్రి బస్సు పోయింది. తెల్లవార్లూ మంచం పక్కన కూర్చున్నాను. ఆ నర్సమ్మే తీరిక చేసుకుని నా జేబులోని బస్సు టికెట్టు వెనక లెక్క వేసి చూపించింది. ఇంటరు వరకు చదివిన నాకు అది అర్థం కావడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అని మాత్రం చాలాసేపు ఆలోచించాను.

నాలుగో తరగతి లెక్కే

సెలైన్ ఎక్కించే గొట్టం పైభాగంలో చుక్కలు పడే చిన్న గది వుంటుంది. ఎన్ని చుక్కలకు ఒక మిల్లీలీటరు అవుతుందో గొట్టం వచ్చిన కవరు మీద అచ్చువేసి వుంటుంది. పెద్దలకు మామూలుగా వాడే గొట్టంలో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు. కొన్నింటిలో 15 చుక్కలు. చంటిపిల్లలకూ, జాగ్రత్తగా ఇవ్వవలసిన మందులకూ వాడే సన్న చుక్కల గొట్టంలో 60 చుక్కలకు ఒక మిల్లీలీటరు.

లెక్క ఇది. ఎక్కించవలసిన మిల్లీలీటర్లను గొట్టం చుక్కలతో హెచ్చించాలి. వచ్చిన దాన్ని ఎన్ని నిమిషాల్లో ఎక్కించాలో ఆ నిమిషాలతో భాగించాలి. మా చిన్నాన్న సంగతే తీసుకోండి. 500 మిల్లీలీటర్లను 20తో హెచ్చిస్తే 10,000 చుక్కలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 21 చుక్కలు. అదే సీసాను నాలుగు గంటల్లో ఎక్కించాలంటే 42 చుక్కలు, ఆరు గంటల్లో అయితే 28, పన్నెండు గంటల్లో అయితే 14.

ఇంకా సులువైన దారి కూడా వుంది. గంటకు ఎన్ని మిల్లీలీటర్లో తెలిస్తే, 20 చుక్కల గొట్టానికి ఆ అంకెను మూడుతో భాగిస్తే చాలు. 15 చుక్కల గొట్టానికి నాలుగుతో భాగించాలి. 60 చుక్కల గొట్టానికి అసలు భాగించే పనే లేదు, గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. గంటకు 100 మిల్లీలీటర్లు ఇవ్వాలంటే మొదటి గొట్టంలో 33 చుక్కలు, రెండో దానిలో 25, మూడో దానిలో 100. సెకన్ల ముల్లు వున్న గడియారం చూస్తూ లెక్కపెట్టుకోవడమే మిగిలిన పని.

ప్రమాదం ఇక్కడే పొంచి వుంది. నిమిషానికి 40 చుక్కలని రాసి వుందనుకోండి. సన్న చుక్కల గొట్టమైతే గంటకు 40 మిల్లీలీటర్లు వెళ్తుంది. మామూలు గొట్టమైతే 120 వెళ్తుంది. చుక్కల సంఖ్య ఒక్కటే, మందు మాత్రం మూడింతలు. వార్డులో సన్న గొట్టాలు అయిపోయాయని మామూలు గొట్టం తగిలించి, చుక్కల సంఖ్య మార్చడం మరచిపోతే జరిగేది ఇదే.

వట్టి సెలైన్ అయితే చాలామంది తట్టుకుంటారు. రక్తపోటు పడిపోయిన రోగికి ఇచ్చే డోపమైన్ వంటి మందులో ఈ తేడా ఎంతదో చూడండి. 200 మిల్లీగ్రాముల మందును 500 మిల్లీలీటర్లలో కలిపితే ఒక్కో మిల్లీలీటరులో 400 మైక్రోగ్రాములు వుంటుంది. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వమని డాక్టరు రాస్తే, నిమిషానికి 300 మైక్రోగ్రాములు, అంటే ముప్పావు మిల్లీలీటరు. సన్న గొట్టంలో నిమిషానికి 45 చుక్కలు. అవే 45 చుక్కలు మామూలు గొట్టంలో పడితే కిలోకు 15 మైక్రోగ్రాములవుతుంది. రాసినవారి తప్పు లేదు, లెక్క వేసినవారి తప్పు కూడా లేదు. గొట్టం మారింది, అంతే. అయినా అనుభవించేది రోగి.

గ్రామా, మిల్లీలీటరా?

పిల్లల విషయంలో ఇంకొక చిక్కుంది. పిల్లలకు మందు కిలో బరువు లెక్కన ఇస్తారు. నరానికిచ్చే పారాసెటమాల్ 100 మిల్లీలీటర్ల సీసాలో ఒక గ్రాము, అంటే 1,000 మిల్లీగ్రాములు వుంటుంది. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములన్న మాట. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 180 మిల్లీగ్రాములు కావాలి. అది 18 మిల్లీలీటర్లే. కాగితం మీద ప్రమాణం లేకుండా వట్టి అంకె రాసి, ఒకరు దాన్ని మిల్లీగ్రాములుగా, మరొకరు మిల్లీలీటర్లుగా చదివితే పదింతల తేడా వస్తుంది. ఎక్కువైన ఆ మందు లివరును పాడుచేస్తుంది. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య అయితే తేడా వెయ్యింతలు.

చుక్క పెట్టడంలో కూడా ప్రాణాలున్నాయి. అర మిల్లీలీటరు అని చెప్పడానికి ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే, ఆ చుక్క కనబడక 5 అయిపోతుంది. 5.0 అని రాస్తే 50 అయిపోతుంది. అందుచేత 0.5 అని సున్నాతో రాయాలి, 5 అనవలసిన చోట 5 అనే రాయాలి. ఇన్సులిన్‌లోనూ ఇదే తంతు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ వుంది, 100 యూనిట్లదీ వుంది. దేని సిరంజి దానికి వేరు. 100 యూనిట్ల మందును 40 గీతల సిరంజితో 20వ గీత దాకా తీస్తే లోపలికి పోయేది 50 యూనిట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు.

పొటాషియం క్లోరైడ్ సంగతి విడిగా చెప్పాలి. చూడటానికి అది నీళ్ల మందులాగే వుంటుంది, పది మిల్లీలీటర్ల చిన్న ఆంపుల్. దాన్ని సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఇస్తే ప్రాణం పోస్తుంది. కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. అటువంటి మందును డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్స్ పక్కనే ఒకే ట్రేలో పెట్టడమంటే ఇంట్లో పురుగుల మందును నూనె సీసా పక్కన పెట్టుకోవడమే.

బరువు లెక్కన మందు తగ్గించకూడని చోటు కూడా ఒకటుంది. వరికోతల కాలంలో మన పొలాల్లో పాముకాట్లు కొత్త కాదు. పాము విషానికి విరుగుడు మందు పెద్దలకు ఎంతో పిల్లలకూ అంతే. పిల్లవాడు చిన్నవాడని పాము విషం తగ్గించి కక్కదు కదా. మొదటి విడత మామూలుగా పది వయల్స్ దాకా, గంట వ్యవధిలో ఎక్కిస్తారు. పిల్లలకు తగ్గించేది కలిపే సెలైన్ నీటిని మాత్రమే, మందును కాదు. "చిన్న గుంటడు కదా, సగమిస్తే సాలదా" అని అడిగే తాతలకు ఈ సంగతి చెప్పవలసి వుంది.

సీసా అందరికీ అవసరమా?

లెక్క తప్పకుండా వుండడానికి మొదటి మార్గం అవసరం లేని సీసా కట్టకపోవడమే. అర లీటరు గ్లూకోజు సీసాలో వుండేది 25 గ్రాముల గ్లూకోజు. దానివల్ల వచ్చే శక్తి వంద క్యాలరీలు కూడా లేదు. ఒక గ్లాసు చిక్కటి గంజి తాగగలిగిన మనిషికి ఆ బలం నోటి ద్వారానే వస్తుంది. అర లీటరు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల వుప్పు వుంటుంది. మనిషి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ వుప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఒక రోజు వుప్పు ఒక్క సీసాలోనే వచ్చేస్తుంది.

మన పక్కనే వుద్దానం వుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. డయాలసిస్ చేయించుకుంటున్నవారిని చాలామందికి స్వయంగా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయంటే ఇక్కడ జబ్బు ఎంత తీవ్రంగా వుందో తెలుస్తుంది. కిడ్నీ పనిచేయని మనిషికి ఎక్కించిన నీరు బయటికి పోయే దారి లేదు. అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అటువంటి ప్రాంతంలో నీరసం అన్న ప్రతివారికీ, కిడ్నీ సంగతి అడగకుండా, అరుగు మీద మేకుకు సీసా వేలాడదీసే పద్ధతి ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఆ సీసా కట్టించుకునేది మనమే, "సీసా కట్టీయండి బాబూ" అని బతిమాలేదీ మనమే. ఆర్.ఎం.పి.లను మాత్రమే తిట్టి లాభం లేదు.

విరేచనాలకు సైతం ముందు నోటి ద్వారానే చూడాలి. నరానికి వుప్పునీరు ఎక్కించే వైద్యం కలరా రోగులకు 1832లో స్కాట్లండులో థామస్ లాటా అనే డాక్టరు మొదలుపెట్టినది. దానివల్ల అప్పటి నుంచి ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కాని 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సీసాలు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబిస్ వుప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పయి వరకు వున్న మరణాలు నాలుగు కంటే తక్కువకు దిగాయి. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ నీళ్లే నేడు మన ఆశా కార్యకర్తల దగ్గర దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం.

అంతమాత్రాన సీసా చెడ్డదని నేననడం లేదు. కళ్లు లోపలికి పోయి, తాగలేక, సొమ్మసిల్లిన బిడ్డకు సీసాయే ప్రాణం. అక్కడ నెమ్మదిగా ఎక్కించడమే తప్పు. ఏడాది లోపు బిడ్డకు కిలోకు 30 మిల్లీలీటర్లు మొదటి గంటలో, 70 మిల్లీలీటర్లు తరువాతి అయిదు గంటల్లో ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. ఎనిమిది కిలోల బిడ్డకు మొదటి గంటలో 240, తరువాత గంటకు 112 మిల్లీలీటర్లు. బరువు తూచకుండా ఈ లెక్క ఎలా కడతారు? "పదో, ఎనిమిదో వుంటాడు" అని తల్లి చెప్పే అంచనా మీదనా?

ఖర్చు లేని పనులు

ఈ తప్పులకు నర్సులను నిందించడం న్యాయం కాదు. రాత్రిపూట వార్డంతటికీ ఒక్క నర్సు, అటు కాన్పు, ఇటు ప్రమాదం కేసు, మధ్యలో సీసాలు. ఏ మనిషి అయినా తప్పు చేస్తాడు. తప్పు జరగకుండా, జరిగినా ముందే దొరికేలా ఏర్పాటు వుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల పొరపాట్ల హాని తగ్గించాలని అన్ని దేశాలకు పిలుపునిచ్చింది. 2022లో సెప్టెంబరు 17న జరిపే రోగుల భద్రతా దినోత్సవాన్ని ఈ విషయానికే కేటాయించింది. పెద్ద నగరాల్లో మందు కొలిచి పంపే యంత్రాలు వచ్చాయి. అయితే ఆ యంత్రంలో అంకె నొక్కేది కూడా మనిషే. చుక్క తప్పితే యంత్రం పదింతలు నమ్మకంగా పంపుతుంది.

మన ఆస్పత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు కావలసినవి పెద్ద పెట్టుబడి లేనివే. సీసాలు కట్టే ప్రతి గదిలో సెకన్ల ముల్లు వున్న గోడ గడియారం, పెద్దలకు, పిల్లలకు పనిచేసే తూనిక వుండాలి. ఏ గొట్టానికి ఎన్ని చుక్కలో తెలుగులో రాసిన పట్టిక గోడకు అంటించాలి. కట్టిన ప్రతి సీసాకు కాగితపు పట్టీ అతికించి, అందులో ఏం కలిపారు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, నిమిషానికి ఎన్ని చుక్కలు అన్నది రాయాలి. గంట గంటకూ ఎంత దిగాలో ఆ పట్టీ మీదే గీతలు పెడితే, దూరం నుంచి చూసినా వేగం తప్పింది తెలుస్తుంది. పొటాషియం ఆంపుల్స్‌ను వేరే పెట్టెలో తాళం వేసి వుంచాలి. పిల్లల మందు, గుండె మందు, ఇన్సులిన్ లెక్కలను ఇద్దరు విడివిడిగా కట్టి, ఇద్దరి అంకె కలిస్తేనే ఎక్కించాలి. రెండో మనిషి లేని రాత్రి ఫోనులోనైనా డ్యూటీ డాక్టరుకు లెక్క చదివి వినిపించాలి. జిల్లా వైద్యాధికారులు నెలవారీ సమావేశాల్లో ఒక అరగంట ఈ లెక్కల అభ్యాసానికి ఇస్తే ఎంతో మేలు. పొరపాటు చెప్పుకున్న వుద్యోగికి మెమో ఇచ్చే పద్ధతి పోవాలి. మెమోకు భయపడి దాచిన పొరపాటు రేపు ఇంకొక మంచం దగ్గర జరుగుతుంది.

మనం చేయవలసినవి కూడా వున్నాయి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బి.పి., షుగరు వుంటే సీసా కట్టక ముందే చెప్పాలి. సీసా ఎన్నింటికి అవుతుందని అడగాలి. అలా అడగడం అమర్యాద కాదు. దగ్గు, ఆయాసం, చలి, దురద, సూది దగ్గర వాపు కనబడితే వెంటనే నర్సును పిలవాలి. చక్రం మీద మాత్రం చెయ్యి వేయకూడదు, ఆపడానికైనా, పెంచడానికైనా. పాఠశాలల్లో నీళ్ల తొట్టి ఎంతసేపటికి నిండుతుందని లెక్కలు చెప్పే మాస్టార్లు, సెలైన్ సీసా ఎంతసేపటికి ఖాళీ అవుతుందన్న లెక్క కూడా ఒకటి చెబితే బాగుంటుంది. ఏదో ఒక రాత్రి ఏదో ఒక మంచం పక్కన ఆ పిల్లవాడే కూర్చుంటాడు.

టెక్కలికి వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా, రోగి వెంట వెళ్లేవారికి నాదొకటే మనవి. ఆఖరి బస్సు కోసం తొందరపడకండి. అది పోతే తెల్లవారి మొదటి బస్సు వస్తుంది. మా చిన్నాన్న ఆ బస్సులోనే ఇంటికి వచ్చాడు.